నగోయాలో మూడు వారాలు, టీమ్‌తో భోజనాలు: ఏం తినాలి, ఏం చెప్పాలి?

చింతచెట్టు
అక్టోబర్ 26, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. వచ్చే శనివారం ఆఫీసు పని మీద జపాన్ వెళ్తున్నా. నగోయా పక్కన కస్టమర్ ప్లాంటులో మూడు వారాలు. దేశం దాటడం ఇదే మొదలు. పని గురించి బెంగ లేదు. డ్రాయింగులు నావే, అందులో తప్పులూ నావే. బెంగంతా తిండి గురించి.

వెళ్లిన వారం శుక్రవారమే వెల్‌కమ్ పార్టీ అని అప్పుడే మెయిల్ వచ్చేసింది. కింద ఒక లైను: "మీకు ఎన్‌జీ ఆహారం ఏమైనా ఉందా?" ఎన్‌జీ అంటే నో గుడ్ అట, వెతికి తెలుసుకున్నా. నేను కోడి, మేక, చేప, గుడ్డు తింటా. గొడ్డు మాంసం, పంది మాంసం ముట్టను. పైగా కార్తీకమాసం. నెలంతా మందు ముట్టనని, సోమవారాలు నీచు కూడా తిననని అమ్మకి మాటిచ్చా. ఇదంతా రాస్తే "రాకముందే పేచీలు మొదలెట్టాడు" అనుకుంటారేమో. రాయకపోతే ప్లేటులోకి ఏమొస్తుందో. కుక్కర్ పట్టుకెళ్లి రూములోనే వండుకోమని మా రూమ్మేట్ సలహా. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

లెక్కలమాస్టారు
అక్టోబర్ 26, రాత్రి 10:31

మీ రూమ్మేట్ తెలివైనవాడు. చిన్న కుక్కర్, నాలుగు కిలోల సోనామసూరి, కందిపొడి, ఆవకాయ, చింతపండు. మూడు వారాలు రాజాలా గడిచిపోతాయి, అలవెన్సు అలవెన్సంతా మిగులుతుంది. నేను 2011లో జర్మనీలో ఆరు వారాలు అలాగే ఉండి, తిరిగొచ్చి స్కూటీ కొన్నాను. పార్టీ రోజు కడుపు బాగోలేదని చెప్పండి, సరిపోతుంది.

మానుకోట_పిల్లగాడు
అక్టోబర్ 26, రాత్రి 10:40

ఆరు వారాలు జర్మనీల ఉండి ఆవకాయ తిని వచ్చినవా సారూ! ఇంతకీ గా స్కూటీ నడుస్తుందా ఇంక?

లెక్కలమాస్టారు
అక్టోబర్ 26, రాత్రి 10:43

నడుస్తోంది. మా ఆవిడ నడుపుతోంది.

పాతకాపు
అక్టోబర్ 26, రాత్రి 11:20

చింతచెట్టు గారూ, నేను ఆ చుట్టుపక్కల 11 ఏళ్లు ఉన్నాను. తొయోతా, కరియా, ఒకజాకి అన్నీ తిరిగినవే.

ముందు మెయిల్ సంగతి. ఉన్నదున్నట్టు రాసెయ్యండి. వాళ్లు మర్యాదకి అడగలేదు, పనుండే అడిగారు. ఇలాంటి పార్టీని నొమికాయ్ అంటారు. దాన్ని భుజాన వేసుకునే మనిషిని కంజి అంటారు (మన గంజి కాదు). మామూలుగా టీములో చిన్నవాళ్లలో ఒకడికి ఆ బాధ్యత తగులుతుంది. చోటు బుక్ చేయడం, వంటలు ముందే ఖాయం చేయడం, తలకింత అని వసూలు చేయడం, అన్నీ అతనివే. చాలాచోట్ల రెండు గంటలకి ఇన్ని వంటలు, ఇంత డబ్బు అని ముందే మాట్లాడుకుంటారు. మీరు వారం ముందు చెబితే అతను ఒక ఫోన్ కొట్టి మార్పిస్తాడు. కూర్చున్నాక "ఇది నేను తినను" అన్నారనుకోండి, తలదించుకునేది మీరు కాదు, ఆ కుర్రాడు.

రెండోది, ఇది చాలా ముఖ్యం. "మాంసం తినను" అని గంపగుత్తగా రాయకండి. నికు అంటే మాంసమే. కానీ మనం మాంసం అనుకునేవన్నీ వాళ్లు ఆ మాట కింద లెక్కేయరు. హామ్, బేకన్, ఎముకలు మరిగించిన రసం, పంది కొవ్వు వేసిన కూర ముద్ద, ఇవేవీ చాలామందికి తట్టవు. పేరుపేరునా రాయండి: బుతానికు (పంది), గ్యూనికు (గొడ్డు). తినలేను అనడానికి "తాబేరారెమాసెన్". మతపరమైన కారణం అని ఒక్క ముక్క రాస్తే ఇంకెవరూ తరచి అడగరు.

మందు గురించి అసలు బెంగే వద్దు. ఊరోంచా అని ఊలాంగ్ టీ తెప్పించుకోండి. గ్లాసు చేతిలో ఉండాలి అంతే, అందులో ఏముందో ఎవరికీ పట్టదు. కాకపోతే అందరి గ్లాసులూ వచ్చి "కంపాయ్" (చీర్స్) అనేదాకా గుక్క తాగకూడదు.

గోదారిగట్టు
అక్టోబర్ 27, ఉదయం 7:15

ఆవకాయ అంటే గుర్తొచ్చింది. తమ్ముడూ, పెట్టెలో కోడి పచ్చడి, మటన్ పచ్చడి అంటూ సర్దేముందు ఆగు. మాంసం కలిసిన వస్తువేదైనా జపాన్‌లోకి రానివ్వరు. ఇంట్లో చేసిన కోడి పచ్చడి కూడా అందులోకే వస్తుంది. దాచి దొరికితే జరిమానా, కేసు. పచ్చి కరివేపాకు, పండ్లు, కూరగాయలు కూడా తనిఖీ సర్టిఫికెట్ లేకుండా కుదరవు. పొడులు, మాగాయ, ఆవకాయ మూత గట్టిగా బిగించి పట్టుకెళ్లు. నూనె కారితే కోటు పోతుంది, నా కోటు అలాగే పోయింది.

టీముకి ఏదైనా తీపి పట్టుకెళ్లడం మర్చిపోకు. అక్కడ ఊరి నుంచి వచ్చినవాడు తలా ఒకటి పంచడం ఆనవాయితీ. విడివిడిగా చుట్టినవి అయితే మేలు. ఆత్రేయపురం పూతరేకులు పెట్టె ఒకటి తీసుకో. విరక్కుండా చేతిసంచిలో పెట్టుకో.

చింతచెట్టు
అక్టోబర్ 27, ఉదయం 8:02

అన్నా, మా అమ్మ అప్పుడే కోడి పచ్చడికి అల్లం వెల్లుల్లి నూరుతోంది. ఇప్పుడే వెళ్లి ఆపుతా.

కందిపొడి
అక్టోబర్ 27, మధ్యాహ్నం 1:30

లెక్కలమాస్టారు గారికి ఒక మాట. నేను పుట్టు శాకాహారిని, గుడ్డు కూడా తినను. రెండుసార్లు జపాన్ వెళ్లాను, మొత్తం నాలుగు నెలలు. ఒక్క పార్టీ కూడా ఎగ్గొట్టలేదు. నా పేరు చూసి నవ్వకండి, పొడి తీసుకెళ్లాను, రాత్రిళ్లు అదే అన్నం. కానీ జనంతో కూర్చోవడం మానలేదు. పగలు మీటింగులో నోరు విప్పని మనిషి సాయంత్రం పక్కన కూర్చుని "మీ డ్రాయింగులో ఆ మూడో రంధ్రం మా ఫిక్స్చర్‌కి అందదు" అని చెప్తాడు. అది మెయిల్‌లో రాదు. రూములో పప్పు ఉడకబెట్టుకుంటూ కూర్చుంటే అసలే రాదు.

శాకాహారులకి అసలు చిక్కు ముక్కలతో కాదు, దాషితో. ఎండబెట్టి పొగబెట్టిన కత్సువో చేపని రేకుల్లా చెక్కి, కొంబు అనే సముద్రపు ఆకుతో కలిపి తీసే రసం అది. మన వంటకి తాలింపు ఎలాగో వాళ్లకి అదలాగ. మిసో (సోయా పులియబెట్టిన ఉప్పటి ముద్ద) సూపులో, నూడుల్స్ నీళ్లలో, ఉడికించిన వంకాయలో, టెంపురా (మన బజ్జీల్లాంటివి) ముంచుకునే పులుసులో అన్నిట్లో ఉంటుంది. "ఇందులో చేప లేదు" అని మనస్ఫూర్తిగా చెప్తారు. వాళ్ల లెక్కలో నిజంగానే లేదు మరి. ఒకచోట నూడుల్స్‌లో మాంసం వచ్చిందని చూపిస్తే, సారీ చెప్పి తీసుకెళ్లి, ముక్కలు ఏరేసి అదే గిన్నె తెచ్చి పెట్టారు. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి.

నేను తిన్నవి: ఉప్పు చల్లిన ఎదమామె (పచ్చి సోయా కాయలు), చేప రేకులు వద్దని చెప్పి చల్ల తోఫు (సోయా పనీరు), కప్పామాకి (దోసకాయ చుట్ట), పిండిలో గుడ్డు కలపొద్దని చెప్పి కూరగాయల టెంపురా ఉప్పుతో, కాల్చిన మిరపకాయలు. వంకాయకి తీపి మిసో పూసి కాల్చేది ఒకటుంటుంది, అందులో దాషి కలపకుండా చేసేవాళ్లు దొరికితే వదలకండి. గుత్తివంకాయకి దూరపు చుట్టం. దాషి విషయంలో ఎంతవరకు పట్టింపో నాకు నేనే ఒక గీత గీసుకున్నాను. అదెక్కడో ఇక్కడ చెప్పను, ఎవరి గీత వాళ్లది.

ఉప్పుచేప
అక్టోబర్ 27, సాయంత్రం 4:10

అంత దూరం వెళ్లి పంది తినకపోతే ఇంకెందుకు వెళ్లడం? నగోయాలో మిసో కత్సు (మిసో పోసిన పంది మాంసం కట్లెట్) తినకుండా వచ్చినవాడిదీ ఒక బతుకేనా.

లెక్కలమాస్టారు
అక్టోబర్ 27, సాయంత్రం 4:22

ఆయన ఏం తినాలో మీరెవరు చెప్పడానికి?

ఉప్పుచేప
అక్టోబర్ 27, సాయంత్రం 4:25

మరి కడుపునొప్పని అబద్ధం చెప్పమన్నది మీరే కదా మాస్టారూ.

నిర్వాహకులు
అక్టోబర్ 27, సాయంత్రం 5:00

ఇక్కడి నుంచి నాలుగు వ్యాఖ్యలు తీసేశాం. ఎవరి పళ్లెంలో ఏముండాలన్న తగువుకి వేరే చోటు చూసుకోండి. అడిగినదానికి జవాబు చెప్పండి.

మానుకోట_పిల్లగాడు
అక్టోబర్ 27, రాత్రి 9:18

మంచిగైంది. నేను అన్నీ తింటగానీ ఉప్పుచేప అన్న తీరు నచ్చలే.

తమ్ముడూ, నాది వేరే ముచ్చట. నేను పోయినేడు ఆడ రెండు నెలలున్న. పది దినాలు సప్పటి తిండి తిని నాలుక సచ్చిపోయింది. మా టీముల ఒకాయన, "నీకు కారం కావాల్నా, దా" అని తైవాన్ రామెన్ (పులుసుల నూడుల్స్) అంగడికి పట్కపోయిండు. పేరు తైవాన్ గానీ అది తైవాన్ వంట కాదట, పుట్టింది నగోయాలనే. మిసెన్ అని హోటల్, తైవాన్ నుంచి వచ్చినాయన 1970ల చుట్టూత పెట్టిన వంట. ఎండు మిరపకాయలు, ఎల్లిపాయ, ఉల్లాకు లెక్క ఉండే నిరా, మీద పంది కైమా. మొదటి గుటకకే దగ్గొచ్చింది. అబ్బ, పానం లేచొచ్చింది!

అసలు ముచ్చట ఇంటే నవ్వుతరు. ఆడ కారం లెవల్లకు దేశాల పేర్లు పెట్టిన్రు. కారం తక్కువ గావాల్నంటే "అమెరికన్" అనాలె. కాఫీల నీళ్లు ఎక్కువ పోస్తే అమెరికన్ అంటరు సూడు, గట్ల. ఎక్కువ గావాల్నంటే "ఇటాలియన్". మా సారు అమెరికన్ చెప్పిండు, నేను ఇటాలియన్. ఆయన నా మొకం సూస్కుంట తిన్నడు, తన గిన్నెను సూడనే లేదు. నీకు పంది వద్దు గద, అందుకే నీకు జెప్తలే, మిగిలినోళ్లకు జెప్తున్న.

కొచ్చిన్ కోడి అని ఇంకోటుంటది గాడ. మన కేరళ కోడి ఇంత దూరమొచ్చిందా అనుకున్న.

పాతకాపు
అక్టోబర్ 27, రాత్రి 10:02

కేరళకీ దానికీ ఏ సంబంధమూ లేదు. మేజీ కాలంలో (19వ శతాబ్దం చివర్లో) చైనా నుంచి వచ్చిన బఫ్ కొచ్చిన్ జాతిని అక్కడి నాటుకోడితో కలిపి పెంచింది, నగోయా కొచ్చిన్. కండ గట్టిగా ఉంటుంది. బ్రాయిలర్‌తో విసిగిన మన నోటికి నాటుకోడి గుర్తొస్తుంది. చింతచెట్టు గారూ, మీరు నిక్షేపంగా తినొచ్చు. అలాగే తెబసాకి, కోడి రెక్కల వేపుడు. మిరియాలు, నువ్వులు బాగా తగిలిస్తారు.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. చాప్‌స్టిక్కులు రాకపోయినా పర్లేదు, ఫోర్కు అడగండి. అన్నంలో మాత్రం నిలువుగా గుచ్చకండి, చనిపోయినవాళ్లకి పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారు. మీ పుల్లలతో ఎదుటివాళ్ల పుల్లలకి ముక్క అందించకండి, దహనం తర్వాత అస్థికలు అలా అందుకుంటారు. మీకు ఈ రెండూ వివరించి చెప్పక్కర్లేదు, మనవాళ్లకి ఇలాంటివి ఇట్టే అర్థమవుతాయి.

చింతచెట్టు
నవంబర్ 9, ఉదయం 11:45

నగోయా నుంచి. నిన్న పార్టీ అయింది. అందరికీ దండాలు, ముఖ్యంగా పాతకాపు గారికి. మెయిల్‌లో పేరుపేరునా రాశా. జవాబు ఒకే లైను: "తెలియజేసినందుకు చాలా థాంక్స్, ఎంతో సాయపడింది." ఆ ఒక్క లైనుకే సగం బెంగ తీరింది.

స్టేషన్ పక్కన ఒక ఇజకాయా, అంటే మందూ తిండీ రెండూ దొరికే చోటు. చెప్పులు విప్పి చిన్న అరలో పెట్టి, చెక్క తాళం జేబులో వేసుకుని లోపలికి. వేడి తువ్వాలు ఇచ్చారు, చేతులు తుడుచుకోవడానికి. మేం ఇంకా ఏమీ చెప్పకముందే అందరి ముందూ చిన్న గిన్నెలో ముల్లంగి, ఏదో ఆకు వచ్చింది. ఫ్రీ అనుకున్నా. కాదట, ఒతోషి అంటారట, కూర్చున్నందుకు తలకి మూడు నాలుగు వందల యెన్‌లు బిల్లులో పడతాయి. మా కంజి కుర్రాడికి 24 ఏళ్లు. నా పక్కనే కూర్చుని, వచ్చిన ప్రతి పళ్లెం నా దాకా రాకముందే "ఇది ఓకే", "ఇది ఎన్‌జీ" అంటూ చెప్తూనే ఉన్నాడు. పాపం అతను సరిగ్గా తిన్నాడో లేదో.

అప్పుడు రెక్కలొచ్చాయి. ఎదురుగా మా సీనియర్ ఒకాయన, వచ్చే ఏడు రిటైరవుతారు. వారమంతా నాతో మాట్లాడింది "గుడ్ మార్నింగ్" ఒక్కటే. ఆయన ఒక రెక్క తీసి, కొస కీలు దగ్గర విరిచి పక్కన పెట్టి, మిగతాది నోట్లో పెట్టుకుని పళ్లతో పట్టి ఎముకలు లాగేశారు. కండంతా లోపలే, రెండు ఎముకలు చేతిలో, తుడిచినట్టు. నన్ను చూసి "ఊఁ" అన్నారు. నాకు ఆ పద్ధతి రాలేదు, మొదటిది సగంలో తెగింది. సరే అని మన పద్ధతి మొదలెట్టా. కొసను కూడా వదల్లేదు. గుల్ల కొరికి, మూలుగ పీల్చి, మెత్తటి ఎముక నమిలేశా. మావాళ్లు ఎముకలు వేసే గిన్నెలో నా వాటా అందరికంటే తక్కువ. ఆయన గిన్నెలోకి తొంగి చూసి జపనీస్‌లో ఏదో అన్నారు, అందరూ ఘొల్లుమన్నారు. కంజి అనువదించాడు: "ఇండియాలో కుక్కలు ఆకలితో ఉంటాయి పాపం."

ఆ తర్వాత ఆయన ఆగలేదు. మా బ్రాకెట్ గురించి పేపర్ నాప్‌కిన్ మీద బొమ్మలు గీసి ఇరవై నిమిషాలు చెప్పారు. కందిపొడి గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. నాప్‌కిన్ దాచుకున్నా, నూనె మరకలతో సహా.

కందిపొడి
నవంబర్ 9, మధ్యాహ్నం 12:10

ఆ నాప్‌కిన్ మీ మేనేజరుకి స్కాన్ చేసి పంపండి :)

గోదారిగట్టు
నవంబర్ 9, మధ్యాహ్నం 2:48

పూతరేకులు ఏమయ్యాయి? విరిగాయా?

చింతచెట్టు
నవంబర్ 9, సాయంత్రం 6:30

అన్నా, విరగలేదు. కానీ ఏమైందో వినండి. సోమవారం టీ టైములో పెట్టె తెరిచి తలా ఒకటి ఇచ్చా. ఎదుటి టేబుల్ అమ్మాయి చక్కగా కూర్చుని పొర మీద పొర వలుస్తోంది. వలిచిన రేకులన్నీ చెత్తబుట్ట పక్కన పేర్చింది. చివరికి చేతిలో మిగిలింది నెయ్యి, బెల్లం పొడి. "చాలా జాగ్రత్తగా చుట్టారు" అని మెచ్చుకుంది. ప్యాకింగు అనుకుంది! అది కూడా తినేదే, బియ్యంతో చేసింది అని చెప్తే ఆ రేకు వెలుతురుకి పట్టి చూసి "ఒబురాతో!" అని అరిచింది. మందు పొడి చుట్టుకుని మింగడానికి పిండితో చేసిన పల్చటి పొర ఉంటుందట వాళ్లకి. బొంతాన్ అమె అని పాతకాలం మిఠాయి కూడా అలాంటి పొరతోనే చుడతారట, దాంతో సహా తినేస్తారట. మర్నాడు ఆ మిఠాయి ఒక డబ్బా నా టేబుల్ మీద ఉంది.

మానుకోట_పిల్లగాడు
నవంబర్ 9, సాయంత్రం 6:41

నవ్వి నవ్వి కడుపు నొస్తుంది. ఇది మాత్రం నిజం కడుపునొప్పే మాస్టారూ.

ఏడుకొండలు_షిఫ్టు
నవంబర్ 10, ఉదయం 9:05

నేను శ్రీసిటీలో పనిచేస్తా. మాకు ఇది తిరగేసి జరుగుతుంది. జపాన్ నుంచి వచ్చినోళ్లు మా క్యాంటీన్‌లో కూర్చుని సాంబారు గిన్నె ఎత్తి సూపులా తాగేస్తారు. అన్నంలో కలపాలని మేమూ చెప్పం, చూసేకి బాగుంటుంది. ఒకాయన ఉగాది పచ్చడి తిని, వేపపువ్వు తగిలాక కూడా మొహం మార్చకుండా మొత్తం తిన్నాడు. ఆయన్ని చూశాక నేను నత్తో తిన్నా. తీగలు సాగే సోయా. రెండోసారి తిననులే.

కార్తీక సోమవారం ఎట్ట గడిచింది తమ్ముడూ?

చింతచెట్టు
నవంబర్ 12, రాత్రి 9:20

నిన్న గడిచింది అన్నా. పొద్దున కాఫీ హోటల్‌కి వెళ్లా. నగోయాలో పొద్దున్న పదకొండు లోపు కాఫీ తీసుకుంటే దాంతో పాటే టోస్టు, ఉడకబెట్టిన గుడ్డు వచ్చేస్తాయి, విడిగా డబ్బుల్లేవు. మార్నింగ్ అంటారు, పొద్దున్నే ముసలివాళ్లంతా పేపర్లు పట్టుకుని అక్కడే. గుడ్డు వద్దన్నా. దాని బదులు ఒగురా ఇచ్చారు, ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద. వెన్న రాసిన వేడి టోస్టు మీద పూసుకుని తింటే కళ్లు మూసుకుని బొబ్బట్టు పూర్ణం అనుకోవచ్చు. యాలక్కాయ ఒక్కటే తక్కువ.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఉత్త అన్నం, చల్ల తోఫు, ఉమెబోషి. ఉప్పులో ఊరి ఎండిన పుల్లటి కాయ, ఒక్కటి చాలు గిన్నెడు అన్నానికి. నిమ్మకాయ ఊరగాయ కారం వెయ్యకుండా పెడితే ఎలా ఉంటుందో అలా. మా సీనియర్ గారు ట్రే పట్టుకుని నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. "ఈరోజు చేప లేదా?" శివుడు, సోమవారం, ఉల్లి వెల్లుల్లి కూడా లేదు అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పా. ఆయన చాప్‌స్టిక్కులు కింద పెట్టి "షోజిన్" అన్నారు. బౌద్ధ గుళ్ల వంటలోనూ మాంసం, చేపలతో పాటు ఉల్లి, వెల్లుల్లి నిషేధమట. వాళ్ల నాయనమ్మ తద్దినాల రోజున అలాగే వండేదట. తర్వాత ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు, తిన్నాం.

లెక్కలమాస్టారు
నవంబర్ 12, రాత్రి 9:58

పార్టీకి ఎంత పడింది? ఎవరూ ఆ ముక్క చెప్పరేం?

చింతచెట్టు
నవంబర్ 12, రాత్రి 10:04

మాస్టారూ, తలకి 4500 యెన్‌లు. యెన్ ఇప్పుడు అర్ధరూపాయి పైచిలుకు. అతిథినని నా దగ్గర తీసుకోలేదు. టిప్పు అసలు ఇవ్వకూడదట. ఆవకాయ అన్నం కూడా తింటున్నా, వారానికి మూడు రాత్రులు. స్కూటీ రాకపోయినా హెల్మెట్ వస్తుంది.

చింతచెట్టు
నవంబర్ 17, రాత్రి 8:15

నిన్న శనివారం సీనియర్ గారు, కంజి కుర్రాడు కారులో ఒకజాకి తీసుకెళ్లారు. పొద్దున మిసో గోదాం. ఒకజాకి కోట నుంచి పడమరగా ఎనిమిది చో దూరం, అందుకే హాచో మిసో అని పేరు. చో అంటే 109 మీటర్లట, మనసులో లెక్కేశా, మాస్టారి ప్రభావం. సోయా, ఉప్పు, నీళ్లు, అంతే. మనిషి ఎత్తు దేవదారు పీపాలు, ఒక్కోదాంట్లో ఆరు టన్నుల మిసో, పైన మూడు టన్నుల రాళ్లు. ఏటి రాళ్లే, చేత్తో గోపురంలా పేరుస్తారు, సున్నం సిమెంటు ఏమీ లేదు. అలా రెండేళ్ల పైన ఊరుతుంది. లోపలికి అడుగు పెట్టగానే వాసన, జాడీ మూత తీసినప్పుడు వచ్చేదే. మాగాయ జాడీ కాదు, పాత చింతకాయ తొక్కు జాడీ.

మధ్యాహ్నం తిరిగొచ్చి హిత్సుమబుషి. మలుగు పామంటారే మన వైపు, ఆ చేప. బొగ్గుల మీద కాల్చి, తీపి సోయా పూసి, సన్నగా తరిగి, చెక్క గిన్నెలో అన్నం మీద పరుస్తారు. నగోయాలోనే అత్సుతలో 1873 నాటి హోటల్ ఉంది, దీనికి పేరుమోసింది. బయట గంటన్నర నిలబడ్డాం. ఒక్కొక్కరికి నాలుగు వేల యెన్‌ల పైమాటే, నా అలవెన్సుకి చిల్లు.

దీన్ని ఎలా పడితే అలా తినకూడదు. సీనియర్ గారు చెక్క గరిటెతో నా గిన్నెలో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీశారు. నాలుగు భాగాలు. మొదటిది ఉత్తది. రెండోదాంట్లో ఉల్లికాడ, వసాబి (ఘాటైన పచ్చ ముద్ద), నోరి (ఎండు సముద్రపు ఆకు) కలపాలి. మూడోదాంట్లో దాషి పోసుకోవాలి. ఆ మూడోది నోట్లో పెట్టుకున్నాక నాకు మాట రాలేదు. వేడి వేడి చారన్నం! పొగ వాసన వేసే చేపల చారు, అడుగున మెతుకు. మా ఇంట్లోనూ ఇలాగే, పప్పు, కూర, పులుసు, తర్వాత చారు, వరస తప్పదు అని చెప్పా. ఆయన చాలా శ్రద్ధగా విని, "నాలుగో భాగం మూడింట్లో ఏది నచ్చితే అది. మీ ఇంట్లో నాలుగోది ఏంటి?" అన్నారు.

పెరుగు అన్నా. అన్నంలోనా? అన్నంలోనే. ఆయన తన గిన్నె వైపు, అందులో మిగిలిన చేప వైపు చూసి తల అడ్డంగా ఊపారు.

గోదారిగట్టు
నవంబర్ 17, రాత్రి 8:50

మలుగు మా చిన్నప్పుడు కాలవల్లో దొరికేది. పామనుకుని సగం మంది పారిపోయేవాళ్లు. దానికి గంటన్నర క్యూలో నిలబడ్డావా నాయనా!

పాతకాపు
నవంబర్ 17, రాత్రి 9:30

పెరుగు దగ్గర ఆపి మంచిపని చేశారు.

చింతచెట్టు
నవంబర్ 24, సాయంత్రం 5:40

నిన్న హైదరాబాద్ దిగా. అమ్మ పచ్చిపులుసు, కందిగుండతో మొదలెట్టింది. మిసో ముద్ద ఒకటి తెచ్చా, ఫ్రిజ్‌లో అల్లం పచ్చడి పక్కన పెట్టింది, ఎవరూ ముట్టలేదు.

ఒక సాయం కావాలి. జనవరిలో సీనియర్ గారు శ్రీసిటీ దగ్గర మా సప్లయర్‌ని చూడ్డానికి వస్తున్నారు. రిటైరయ్యేలోపు చివరి టూరట. నేనూ హైదరాబాద్ నుంచి వెళ్తున్నా. ఈసారి కంజి నేనే. ఏడుకొండలు అన్నా, భోజనానికి ఎక్కడికి తీసుకెళ్లమంటావు? అరిటాకు ఉండాలి, చారు ఉండాలి, పెరుగు తప్పకుండా ఉండాలి.

ఏడుకొండలు_షిఫ్టు
నవంబర్ 24, సాయంత్రం 6:15

తడ దగ్గర హైవే మీద రెండు మూడు మెస్సులుండాయి, ఆకేసి పెడతారు. పులికాట్ రొయ్యలు, పీతల పులుసు దొరికితే చెప్పి చేయిద్దాం. ముందు రోజు ఫోన్ చెయ్యాల. ఆయనకి ఎన్‌జీ ఏమన్నా ఉందా?

చింతచెట్టు
నవంబర్ 24, సాయంత్రం 6:22

మెయిల్ చేసి అడిగా. ఏమీ లేదట, అన్నీ తింటారట.

ఏడుకొండలు_షిఫ్టు
నవంబర్ 24, సాయంత్రం 6:24

కారం?

చింతచెట్టు
నవంబర్ 24, సాయంత్రం 6:25

అమెరికన్.